తెలియని రాశికి పేరు పెట్టినవారు

బెజవాడ నుండి బందరునకు పోవు రాజమార్గమున పామర్రు అను ఊరు కలదు. గుడివాడ నుండి చల్లపల్లికి పోవు బాట అచ్చటనే ఆ మార్గమును కలియును. ఊరి చుట్టును కృష్ణ కాలువల నీటితో పండు వరిచేలు కనుచూపు మేర వ్యాపించి యుండును. నేడు కోతయంత్రములు చేనిలోనే ధాన్యమును రాల్చి ఇచ్చుచున్నవి గాని, నేను ఉపాధ్యాయ వృత్తిలో చేరిన తొలి దినములలో సంక్రాంతి నాటికి ప్రతి కళ్లమునందును ధాన్యపు రాశి యొకటి మెరయుచుండెడిది. రైతు దాని చుట్టును తిరిగి, చేతితో ముట్టకయే, ఇన్ని బస్తాలగునని అంచనా వేసెడివాడు. ఆ రాశిని గూర్చియే ఈ పాఠము.

ఆ ప్రాంతమందలి యొక ఉన్నత పాఠశాలలో నేను తెలుగు పండితుడనుగా పనిచేయుచుంటిని. ఒకనాడు గణితోపాధ్యాయుడు సెలవులో నుండుటచే ఎనిమిదవ తరగతికి నన్ను పంపిరి. నల్లబల్ల మీద ముందునాటి సమీకరణము చెరిపివేయబడక అట్లే యుండెను. వెనుక వరుసలో నొక బాలుడు పుస్తకము మూసి, తల వంచుకొని కూర్చుండెను. వాని తండ్రి కౌలు రైతు. కారణమేమని నేను దగ్గరకు పోయి అడుగగా వాడిట్లనెను:

"మాస్టారూ! రేపటినుండి నేను బడికి రానండీ. నాన్నతో పొలము పోయెదను. ఎక్స్ అనిన ఏమో తెలియదనుచున్నారు. తెలియదనుచునే దానిని కూడుమనెదరు, తీసివేయుమనెదరు. తెలియనిదానిని కూడుట యెట్లండీ? ఇది మా వంటివారికి వచ్చు చదువు కాదండీ."

నేను గణితము బోధించువాడను కాను. వానికేమి చెప్పవలెనో నాకు వెంటనే తోచలేదు. అందుచే వాని యింటి మాటయే యెత్తితిని.

"సరే నాయనా! పొలమునకే పొమ్ము. కాని ఒక మాట చెప్పి పొమ్ము. కళ్లములో నొక రాశి యున్నది. అందులో మూడవ వంతు భూమి గలవారికి కొలిచినారు. మొత్తములో పండ్రెండవ వంతు కూలివారికి కొలిచినారు. తక్కిన 28 బస్తాలు ఇంటికి చేరినవి. మొదటి రాశి యెంత?"

వాడు కనులు మూసికొని, వ్రేళ్లు మడిచి, అరనిమిషములో "48 బస్తాలండీ" అనెను.

"ఎట్లు చేసితివి?"

"మొత్తమును 12 పాళ్లు అనుకొంటినండీ. మూడవ వంతనగా 4 పాళ్లు. కూలివారిది 1 పాలు. పోగా 7 పాళ్లు మిగిలినవి. 7 పాళ్లు 28 బస్తాలైన, పాలు 4 బస్తాలు. 12 పాళ్లు 48."

"పాలు ఎంతయో నీకు ముందు తెలియునా?"

"తెలియదండీ."

"తెలియకయే 4 పాళ్లను 1 పాలుతో కూడితివి. 12 పాళ్లలో నుండి ఆ 5 తీసివేసితివి. తెలియనిదానిని కూడుట యెట్లని నన్నడిగిన వాడవు నీవే గదా! నీవు పాలు అన్నదానినే పుస్తకము ఎక్స్ అనుచున్నది."

బాలుడు తల యెత్తి నల్లబల్ల వంక చూచెను. ఆ చూపు నేటికిని నాకు జ్ఞాపకమున్నది.

విద్యార్థులారా! బీజగణితమునకు మూలమైన ఉపాయము ఇదియే. తెలియని రాశిని చూచి భయపడి నిలిచిపోక, దానికొక పేరు పెట్టి, తెలిసినదానితో నెట్లు వ్యవహరింతుమో దానితోను అట్లే వ్యవహరించుట. ఆ బాలుడు చేసిన ఈ పనిని లోకమందలి అనేక జాతులు వేలయేండ్లుగా, ఒక్కొక్కరు ఒక్కొక్క పేరుతో చేయుచు వచ్చినవి. ఆ పేర్ల చరిత్రయే ఇంచుమించుగా బీజగణిత చరిత్ర.

మొదట ఈజిప్టు దేశమును చూతము. క్రీస్తునకు పూర్వము సుమారు 1650 ప్రాంతమున ఆహ్మెస్ అను లేఖకుడు జమ్ముకాగితము మీద వ్రాసిన లెక్కల పుస్తకము నేటికిని నిలిచియున్నది. వారు తెలియని మొత్తమునకు పెట్టిన పేరునకు అర్థము కుప్ప, అనగా రాశి. ఒక రాశికి దాని యేడవ వంతు చేర్చిన 19 అగును. ఆ రాశి యెంత యని అందులో నొక ప్రశ్న. నైలు నదీ తీరపు రైతునకును, కృష్ణ తీరపు రైతునకును తెలియనిదనగా ముందుగా కనులకు కట్టునది ధాన్యపు కుప్పయే కాబోలు! ఆహ్మెస్ ఆ రాశి 7 అని ఊహించెను. అప్పుడు మొత్తము 8 వచ్చును. కావలసినది 19. కనుక 8 ఎన్నిమారులైన 19 అగునో, 7ను అన్నిమారులు చేసిన సమాధానము వచ్చును. మీరును చేసి చూడుడు; పదునారున్నర మీద ఎనిమిదవ వంతు వచ్చును.

బాబిలోనియా వాసులు క్రీస్తునకు పూర్వము సుమారు 1800 నాటికే మట్టిపలకలపై, పొలము వైశాల్యమునుబట్టి దాని పొడవును వెడల్పును కనుగొను లెక్కలు వ్రాసిరి. అవి నేటి వర్గ సమీకరణములే. క్రీస్తు శకము మూడవ శతాబ్దిలో అలెగ్జాండ్రియా నగరమందలి డయోఫాంటస్ తెలియని సంఖ్యకు ఒక సంక్షిప్త చిహ్నమును వాడి గ్రంథము రచించెను.

ఇక మన దేశమునకు వత్తము. ఆర్యభటుడు 499 నాటి తన గ్రంథమున తెలియని రాశిని గుళిక అని పిలిచెను. మూసిన పిడికిలిలో నెన్ని గుళికలున్నవో చెప్పుమన్నట్లున్నది ఆ పేరు. ఒకే సమీకరణమున రెండు తెలియని రాశులుండి, రెండును పూర్ణ సంఖ్యలే కావలసినప్పుడు వానిని కనుగొను కుట్టక పద్ధతిని ఆయన సూత్రీకరించెను. కుట్టకమనగా దంచుట. రోకటిపోటుతో గింజ నలిగినట్లు, పెద్ద సంఖ్యలను మరల మరల భాగించి చిన్నవిగా చేయుట చేత ఆ పేరు వచ్చినది.

తరువాత 628లో బ్రహ్మగుప్తుడు బ్రాహ్మస్ఫుటసిద్ధాంతమును రచించెను. అందలి పదునెనిమిదవ అధ్యాయము పేరు కుట్టకాధ్యాయము. అందాయన చేసిన మహోపకారములు రెండు. శూన్యమును ఒక సంఖ్యగా గ్రహించి, దానిని కూడుటకును, తీసివేయుటకును, గుణించుటకును నియమములు చెప్పుట మొదటిది. ధన రాశులకును ఋణ రాశులకును నియమములు చెప్పుట రెండవది. ధనమనగా కలిమి, ఋణమనగా అప్పు. ఋణమును ఋణముతో గుణించిన ధనమెట్లగునని మీలో చాలమంది అడుగుదురు. మీ తండ్రికి 200 రూపాయల అప్పులు మూడున్నవనుకొనుడు. అప్పు ఋణము. ఆ మూడప్పులను తీసివేయుటయు ఋణమే. మూడును రద్దయినచో మీ యింటి కలిమి 600 రూపాయలు పెరిగినట్లు గదా! అదియే ఋణము ఋణముచే గుణింపబడి ధనమగుట.

తెలియని రాశులు ఒకటికి మించి యున్నప్పుడు మనవారు వానికి రంగుల పేర్లు పెట్టిరి. మొదటిది యావత్తావత్, అనగా ఎంతయో అంత. తరువాతివి కాలకము, నీలకము, పీతకము, లోహితకము. అనగా నలుపు, నీలము, పసుపు, ఎరుపు. వ్రాతలో మొదటి అక్షరములను మాత్రమే యా, కా, నీ, పీ, లో అని వాడిరి. అక్షరమును తెలియని సంఖ్యకు ప్రతినిధిగా నిలుపుట మన పూర్వులకు కొత్తది కాదని దీనిచే తేలుచున్నది. ఎక్స్ అను అక్షరమును చూచి మీరు బెదరుట యేల? అది మన యా కు దూరదేశపు బంధువు.

ఈ శాస్త్రమునకు అవ్యక్త గణితమనియు, బీజగణితమనియు పేర్లు. అవ్యక్తమనగా ఇంకను వెలికి రానిది. బీజమనగా విత్తనము. విత్తనములో మొక్క దాగియున్నట్లు ప్రశ్నలోనే సమాధానము దాగియుండును. భాస్కరాచార్యుడు 1150లో రచించిన గ్రంథమునకు బీజగణితమనియే పేరు.

ఎనిమిదవ శతాబ్ది ఉత్తరార్ధమున మన జ్యోతిష గణితము బాగ్దాదు నగరమునకు చేరి అరబ్బీ భాషలోనికి మార్చబడెను. ఆ నగరముననే సుమారు 820, 830 ప్రాంతమున అల్ ఖ్వారిజ్మీ అను పండితుడు సమీకరణములను ఆరు విధములుగా విభజించి, ఒక్కొక్కదానిని సాధించు పద్ధతిని వివరించుచు గ్రంథము వ్రాసెను. ఆయన గ్రంథ నామమందలి అల్ జబ్ర్ అను మాట నుండియే ఆల్జీబ్రా అను పేరు పుట్టినది. విరిగిన యెముకను సరిగా చేర్చి కట్టుటకు అరబ్బులు వాడు మాట అది. సమీకరణమున ఒక ప్రక్క కొరతగా నున్నదానిని రెండు ప్రక్కల చేర్చి పూరించుట అని ఇచ్చట అర్థము. తెలియని రాశికి ఆయన పెట్టిన పేరు షై, అనగా వస్తువు. 1145లో ఆ గ్రంథము లాటిను భాషలోనికి వచ్చెను. ఇటలీ దేశస్థులు ఆ వస్తువును తమ భాషలో కోసా అనిరి. 1591లో ఫ్రాన్సు దేశీయుడు వియెట్ తెలిసిన రాశులకును తెలియని రాశులకును గూడ అక్షరములు వాడెను. 1637లో డెకార్ట్ తెలియనివానికి అక్షరమాల చివరనుండు ఎక్స్, వై, జడ్ అను అక్షరములను నిర్ణయించెను. నేడు మీ పుస్తకములో నున్నవి అవియే.

ఈ దీర్ఘ యాత్రలో మన తెలుగు భాషకు చోటు లేదా యని మీరడుగవచ్చును. ఆ బాలుడు నన్నదే యడిగెను. "మాస్టారూ! మన తెలుగులో ఇట్టివి వ్రాసినవారు లేరాండీ?" అనెను. ఉన్నారు. పండిత పరీక్షకు చదువునప్పుడు సాహిత్య చరిత్రలో పావులూరి మల్లన అను పేరును నేను వల్లించియుంటిని. గణిత గ్రంథమును పద్యములలో వ్రాసిన కవి యని ఒక్క వాక్యము వ్రాసి మార్కులు తెచ్చుకొంటిని. గ్రంథమందేమున్నదో ఒక్కనాడును విప్పి చూడలేదు. ఆ బాలుని ప్రశ్నకు సిగ్గుపడి, ఆ వారమే గ్రంథాలయమునకు పోయి ఆ పుస్తకమును వెదకితిని.

తొమ్మిదవ శతాబ్ది మధ్యమున రాష్ట్రకూట చక్రవర్తి అమోఘవర్షుని కాలమున మహావీరాచార్యుడను జైన పండితుడు సంస్కృతమున గణితసారసంగ్రహమును రచించెను. సంగీతము, వంట, వైద్యము, గృహనిర్మాణము మొదలుగా మానవుడు చేయు ప్రతి పనిలోను గణితము కలదని ఆయన ఆ గ్రంథారంభమున ఘోషించెను. ఋణరాశికి వర్గమూలము లేదని, ఏలయన అది స్వభావము చేతనే వర్గము కాదని, స్పష్టముగా చెప్పినవాడాయన. ఆ గ్రంథమును తెలుగు పద్యములలోనికి తెచ్చినవాడు పావులూరి మల్లన. పీఠాపురము చెంతనున్న నవఖండవాడ యను గ్రామము రాజరాజనరేంద్రుని వలన ఆ వంశమునకు లభించినట్లు గ్రంథమందలి పద్యము చెప్పుచున్నది. రాజరాజనరేంద్రుని కొలువుననే నన్నయ భట్టారకుడు మహాభారతమును తెలుగు చేయ పూనుకొనెను. తెలుగున కావ్యము రూపుదిద్దుకొనుచుండిన ఆ యుగమునకు చేరువలోనే తెలుగు గణితమును రూపుదిద్దుకొనినదని గ్రహింపుడు.

మల్లన మక్కికి మక్కిగా మార్చిన అనువాదకుడు కాడు. మూలమున జైన సంబంధములైన ఉదాహరణములున్న చోట్ల శైవ సంబంధములైన వానిని కూర్చెను. తన చుట్టునున్న చదువరులకు దగ్గరగా నుండవలెనని ఆయన తలంపు. ఇది కేవలము బీజగణిత గ్రంథము కాదు. గణితమందలి పెక్కు శాఖలు ఇందున్నవి. అయినను తెలియనిదానిని జయించు ఉపాయము ఇందెట్లు పనిచేయునో చూపుటకు, మల్లనదిగా ప్రసిద్ధమైన యొక పద్యములోని లెక్క చాలును.

చదరంగపు బల్లలో 64 గడులున్నవి. మొదటి గడిలో 1 గింజ, రెండవదానిలో 2, మూడవదానిలో 4, ఇట్లు ప్రతి గడిలోను ముందుదానికి రెట్టింపు ఉంచవలెను. మొత్తమెంత? ఒక్కొక్క గడిని లెక్కించి కూడబోయినచో దినమంతయు పట్టును. నడుమ తప్పును దొరలును. మన ఉపాయమును చూడుడు. తెలియని ఆ మొత్తమును యా అనుకొందము. యాను రెట్టింపు చేసిన నేమగును? ప్రతి గడిలోని గింజలును తరువాతి గడిలోని గింజలంత యగును. కనుక రెట్టింపులో మొదటి గడి యొక్క 1 కనబడదు; చివర 65వ గడి యున్నచో అందుండవలసినంత కొత్తగా వచ్చి చేరును. నడుమనున్నవన్నియు రెండింటను సమానములే. ఇప్పుడు రెట్టింపు యాలో నుండి యాను తీసివేయుడు. నడుమనున్నవి కొట్టివేయబడును. మిగులునది ఒక యా; అది 65వ గడిలోని సంఖ్య కంటె 1 తక్కువ. నాలుగు గడులతో సరిచూచుకొనుడు: 1, 2, 4, 8 కూడిన 15, అయిదవ గడిలోనిది 16, ఒకటి తక్కువ.

ఇక 65వ గడిలోని సంఖ్యకై 64 మారులు రెట్టింపు చేయ నక్కరలేదు. 2ను దానితోనే గుణించిన 4, 4ను దానితోనే గుణించిన 16, ఇట్లే 256, 65536, 4294967296, ఆరవ మారు 18446744073709551616. ఇందులో ఒకటి తగ్గింపగా 18446744073709551615. ఇరువది స్థానముల ఈ సంఖ్యను మల్లన ఒక్క పద్యములో బంధించెను. ఎట్లనగా, అంకెలకు బదులు పదార్థముల పేర్లు వాడెను. వేదములనగా 4, శరములనగా 5, పర్వతములనగా 7, ఆకాశమనగా సున్న. పద్యమును కుడి నుండి ఎడమకు చదివినచో సంఖ్య వచ్చును. ఛందస్సు తప్పినచో చెవికి తెలియును గనుక, వ్రాయసకాండ్ర చేతిలో అంకె మారిపోకుండుటకు ఈ పద్ధతి రక్షణముగా నుండెను.

తాటాకులలో నిద్రించిన ఈ గ్రంథము మనకు దక్కుట కృష్ణా మండలమునకు గర్వకారణము. పామర్రు నుండి చల్లపల్లి మీదుగా దక్షిణముగా పోయిన పెదకల్లేపల్లి వచ్చును. 1888లో ఆ ఊర జన్మించిన వేటూరి ప్రభాకరశాస్త్రిగారు తమ జీవితమును తాళపత్రముల సేకరణకును పరిష్కరణమునకును ధారపోసిరి. వారు 1950లో పరమపదించిరి. వారు పరిష్కరించిన పావులూరి గణితము మొదటి భాగము 1952లో తిరుపతి నుండి వెలువడెను. మూలమైన గణితసారసంగ్రహమును అంతకు ముందే 1912లో రంగాచార్యులవారు మద్రాసులో ఆంగ్లానువాదముతో ప్రకటించియుండిరి.

నేను ఆ పుస్తకమును ఎరువు తెచ్చి, మరుసటి వారము తరగతిలో చదరంగపు లెక్కను చెప్పితిని. ఆ బాలుడు లేచి, "ఇదియును పాళ్ల లెక్కయేనండీ! పేరు పెట్టిన తరువాత భయము లేదండీ" అనెను. వాడు బడి మానలేదు. పదవ తరగతి పరీక్షలో గణితమున ఉత్తీర్ణుడయ్యెను. గొప్ప గణితవేత్త కాలేదు. తండ్రివలెనే వ్యవసాయము చేయుచున్నాడు. కాని కౌలు లెక్కలను, వడ్డీ లెక్కలను తానే వ్రాసికొనుచు, చుట్టుప్రక్కల వారికిని వ్రాసిపెట్టుచున్నాడు. వానిని ఒకరు మోసగించుట సులభము కాదు.

విద్యార్థులారా! ఇది మా వంటివారికి వచ్చు చదువు కాదను మాటను ఎన్నడును పలుకకుడు. కుప్ప యని ఈజిప్టు లేఖకుడు, గుళిక యని ఆర్యభటుడు, వస్తువని అరబ్బు పండితుడు, పాలు అని మీ తండ్రితాతలు పిలిచినది ఒక్కదానినే. ఆ చదువు ఒక దేశము సొత్తు కాదు, ఒక భాష సొత్తు కాదు. ఒక భాషవారు నాటిన విత్తనము మరియొక భాషలో మొలచి, మూడవ భాషలో పండినది. జీవితమున మీకు తెలియనివి ఎన్నియో ఎదురగును. వానిని చూచి పుస్తకము మూయకుడు. ముందుగా వానికొక పేరు పెట్టుడు. తెలిసినదానికి ముడివేయుడు. అప్పుడు అవ్యక్తము తానే వ్యక్తమగును.

ప్రశ్నలు

1. బాలుడు "పాలు" అను మాటను ఏ విధముగా ఉపయోగించెను? అది బీజగణితమెట్లయ్యెను?

2. తెలియని రాశికి వేర్వేరు జాతులవారు పెట్టిన పేర్లను, వాని అర్థములను వ్రాయుము.

3. మల్లన మూలగ్రంథమున చేసిన మార్పు ఏది? ఎందులకు చేసెను?

4. ఒక రాశిలో నాలుగవ వంతును, ఆరవ వంతును కొలువగా 35 బస్తాలు మిగిలెను. మొదటి రాశి యెంత? పాళ్లతోను, యాతోను వేర్వేరుగా సాధింపుము.